ఇంటి నిర్మాణంలో నాణ్యతా పరిశీలన సేవ: ఒకే సంస్థ, ఇద్దరు ఇంజినీర్లు

హైదరాబాద్ శివార్లలో మా జీ ప్లస్ వన్ ఇంటికి కూలి పనిని మేస్త్రికి గుత్తకు ఇచ్చి, సామగ్రి మేమే కొని, నాణ్యతను చూసేందుకు ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందం చేసుకున్నాము. ప్రతి దశలోనూ వారి ఇంజినీరు తనిఖీ పట్టికపై సంతకం చేశాకే తరువాతి పని మొదలుకావాలన్నది అందులోని ముఖ్యమైన షరతు.

మొదటి స్లాబు వరకు వచ్చిన ఇంజినీరు పనితనం గురించి కొంత వివరంగానే చెప్పాలి. మేస్త్రికి కూలి చదరపు అడుగుల లెక్కన ముడుతుంది కాబట్టి పని ఎంత త్వరగా తెమిలితే అతనికి అంత లాభం. కాంక్రీటు సులువుగా జారడానికి దాన్ని కలిపే యంత్రంలో (మిల్లర్‌లో) పైపుతో నీళ్లు వదలడం అందువల్లనే జరుగుతుంది. నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుంది. అయినా ఇంజినీరు అతనిని మందలించలేదు. మా స్లాబుకు వాడే ఎం20 శ్రేణి కాంక్రీటుకు, కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 50 కిలోల సిమెంటు బస్తాకు నీళ్లు 27.5 లీటర్లు మించరాదని చెప్పి, గీత పెట్టిన బకెట్ ఒకటి చేతికిచ్చారు. ఇసుకలోని తడి కూడా ఆ లెక్కలోకే వస్తుంది కనుక, ముందురోజు వాన పడిందని గుర్తుచేసి నీళ్లు ఇంకా తగ్గించారు. చువ్వల కింద కాంక్రీటు పొర మందం నిలిపే కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్లు పెడుతుంటే, పక్క వీధిలో పెచ్చులూడి చువ్వలు బయటపడ్డ సన్‌షేడును రాడ్ బెండర్లకు తీసుకెళ్లి చూపించారు. ఆ తరువాత వారికి మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు.

రెండో స్లాబు నాటికి ఇంజినీరు మారారు, పట్టిక మాత్రం అదే. కొత్తగా వచ్చినవారు కాంక్రీటు సగం పోశాక చేరుకున్నారు. 15 ఘనపు మీటర్లకు దగ్గరగా ఉన్న ఆ పనికి రెండు నమూనాలు, అంటే బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మెలు (క్యూబులు) 6 తీయాలి; వారు 3 తీసి సరిపెట్టారు. మే నెల ఎండలో కనీసం 10 రోజులు, మేము వాడిన, బూడిద (ఫ్లైయాష్) కలిసిన పీపీసీ సిమెంటుకైతే 14 రోజులు తడపడం మంచిదని అదే ప్రమాణం చెబుతుండగా, ఆరో రోజుకే స్లాబుపై నీళ్లు నిలపడానికి కట్టిన మడులు ఎండిపోయాయి. నివేదికలో మాత్రం క్యూరింగ్ (తడపడం) సంతృప్తికరమని టిక్కు పడింది.

ఫిర్యాదు చేస్తే క్యూబులు పాసయ్యాయని కార్యాలయం జవాబిచ్చింది. క్యూబులు ప్రయోగశాల నీటితొట్టిలో 28 రోజులు నానుతాయి. స్లాబుపై నీళ్లు నిలిచాయో లేదో అవి చెప్పలేవు. ఇంత మాత్రం తెలియని సంస్థ కాదు. మాటల్లో ఆ కొత్త ఇంజినీరే అసలు కారణం బయటపెట్టారు: రోజుకు నాలుగైదు సైట్లు అప్పగిస్తారు, నెలాఖరున ఎన్ని నివేదికలు పంపారన్నదే వారి పనితీరుకు కొలమానం. మా మేస్త్రికి చదరపు అడుగు ఎలాగో, వారికి నివేదిక అలాగ. మేస్త్రి తొందరను అదుపు చేయడానికే కదా మేము వీరికి రుసుము కడుతున్నది!

రుసుము ఎక్కువేమీ కాదు, నివేదికలు కూడా సకాలంలో అందాయి. మొదటి స్లాబు వరకు ఐదుకు నాలుగున్నర, రెండోదానికి రెండు ఇస్తాను. ప్లంబింగు పీడన పరీక్షకూ ప్లాస్టరింగు తనిఖీకీ మొదటి ఇంజినీరునే పంపుతామని కాగితం మీద రాసిచ్చాకే చివరి వాయిదా చెల్లించాము.