దిగక్కర్లేని బండి, మూడేళ్ళ ఏడు నెలల తర్వాత

ఎనిమిదేళ్ళ పాటు నేను బెండకాయ కొస విరిచి చూడలేదు. చదివేవాళ్ళకి నవ్వొస్తుందేమో గానీ, నాకు వీల్‌చెయిర్‌కి తగిలించుకునే ఈ కరెంటు బండి సంగతంతా ఆ బెండకాయ దగ్గరే మొదలవుతుంది.

2013లో డాబా మీంచి పడ్డాను. వెన్నుపాము డి12 దగ్గర, అంటే ఛాతీ వెన్నుపూసల్లో ఆఖరిదాని దగ్గర, దెబ్బతింది. నడుం కింద కదలికా లేదు, స్పర్శా లేదు. ఏడాది మంచం, తర్వాత వీల్‌చెయిర్, ఆ తర్వాత వెనక రెండు పక్కలా అదనపు చక్రాలు బిగించిన స్కూటరు. కాకినాడ లాంటి చదునైన ఊళ్ళో ఆ స్కూటరుకి తిరుగులేదు, వంకపెట్టను. ఆర్‌సీ మీద 'ఇన్వాలిడ్ క్యారేజ్' అని ఉండేది, అంటే వికలాంగుల బండి; ఇంగ్లీషులో ఇన్వాలిడ్ అంటే చెల్లనిదనీ అర్థముంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి 'అడాప్టెడ్ వెహికల్' అన్న మాటొచ్చింది. అయినా "చెల్లని బండి నడపడానికి చెల్లే లైసెన్సు" అన్న మా బావమరిది వేళాకోళం మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

చిక్కల్లా చేరాకే. స్కూటరు మీద వెళ్ళేది నేనొక్కణ్ణే, వీల్‌చెయిర్ ఇంట్లోనే ఉండిపోతుంది. రైతుబజారు గేటు దగ్గర ఇంజను ఆపి "అమ్మా, అరకిలో బెండకాయలు" అని కేకెయ్యాలి. ఎవరో ఒకరు జాలిపడి తెచ్చిపెడతారు. ముదురుకాయలు తెచ్చినా నోరెత్తడానికి లేదు. మందుల షాపయినా, పెళ్ళయినా స్కూటరు సీటు మీంచే. ఒకసారి చావింటికి వెళ్తే, ఏడుస్తున్న ఆ ఇంటి మనుషులే వీధిలోకి వచ్చి నన్ను పలకరించి వెళ్ళారు. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం తినలేదు.

ఇక ఈ బండి. వీల్‌చెయిర్‌కి ముందు తగిలించుకునే కరెంటు చక్రం. హ్యాండిలు, బ్యాటరీ, మోటారు అన్నీ ఆ ఒక్క చక్రం మీదే ఉంటాయి. తగిలించి లివరు నొక్కితే కుర్చీ ముందరి చిన్న చక్రాలు రెండూ గాల్లోకి లేస్తాయి, కుర్చీ కాస్తా మూడు చక్రాల బండవుతుంది. మన దేశంలో ఇలాంటివాటిలో బాగా పేరొచ్చింది మద్రాసు ఐఐటీలో పుట్టిన నియోబోల్ట్‌కి. నాది అది కాదు, వేరే కంపెనీది, పేరు చెప్పను. స్పీడెంత, ఛార్జింగెంత అన్నవి అందరూ రాసేశారు.

నాకు తెగ నచ్చేసింది మాత్రం చక్రాన్ని కుర్చీకి పట్టి ఉంచే క్లిప్పు. రైతుబజారు గేటు దగ్గర లివరు లాగాను, టక్కుమని చక్రం విడిపోయింది. దాన్ని అరటిపళ్ళ బండి పక్కన పెట్టి, నా కుర్చీలో నేను లోపలికి దొర్లుకుంటూ పోయాను. బెండకాయల గుట్ట సరిగ్గా నా ముఖం ఎత్తులో ఉంది. ఒకటి తీసి కొస విరిచాను. ఫట్‌మంది. ఇంకోటి విరిచాను, అది వంగిందే గానీ విరగలేదు, పక్కన పడేశాను. అమ్మేవాడు "అన్నీ విరిచేస్తే ఎవడు కొంటాడండీ బాబూ" అని విసుక్కున్నాడు. నా మీద ఎవరైనా అలా విసుక్కుని ఎన్నేళ్ళయిందో! అరకిలో చాలనుకున్నవాణ్ణి రెండు కిలోలు కొన్నాను.

మొదటి ఏడాది కనబడ్డవాడికల్లా కొనమనే చెప్పాను. రెండో ఏడాది నవంబరులో జగన్నాథపురం వెళ్ళాను.

దారిలో కాలవ మీది వంతెన ఎత్తు పెద్దదేం కాదు, సైకిళ్ళవాళ్ళు లేచి నిలబడి తొక్కి ఎక్కేస్తారు. సన్నగా తుప్పర పడుతోంది. కుర్చీ వెనక హ్యాండిళ్ళకి పదికిలోల బియ్యం సంచీ తగిలించాను. మూడొంతులు ఎక్కాక మోటారు శబ్దం మారింది, సన్నగా కూత లాగా. చక్రం తిరుగుతోంది, బండి మాత్రం కదలట్లేదు. ఆ తర్వాత కదిలింది, వెనక్కి. ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. చక్రం ఆగింది గానీ తడి రోడ్డు మీద అలాగే జారుతూ వస్తోంది. కుర్చీ పక్క బ్రేకులు వేద్దామంటే అవి ఒక్కో పక్కన ఒక్కోటి, ఒకటి వేసి రెండోదాని కోసం వంగేలోపు కుర్చీ గిర్రున అడ్డం తిరుగుతుంది. హ్యాండిలు వదిలేసి రెండు రిమ్ములూ చేతులతో పట్టుకున్నాను. అరచేతులు కాలాయి, బండి ఆగింది. కానీ చేతులు తీస్తే మళ్ళీ జారుతుంది. వెనక ఆటో హారను కొడుతున్నాడు.

ఎవరో కుర్రాడు సాయానికొచ్చి ముందు హ్యాండిలు పట్టుకుని పైకి లాగబోయాడు. లాగితే క్లిప్పు ఊడుతుంది, చక్రం వాడి చేతిలో ఉంటుంది, నేను కాలవ వైపు పోతాను. "ముట్టుకోకు తమ్ముడూ" అని అరిచాను, కోపంగానే అరిచినట్టున్నాను, వాడు చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు చేపల బుట్టతో వస్తున్న ఒకావిడ ఆగింది. "సెయ్యి తియ్యకు బాబూ" అంటూ బుట్ట దింపి, నెత్తి మీది చుట్టకుదురు తీసి నా కుడి చక్రం వెనక కూరింది. తడిసిన గుడ్డ చుట్ట, చక్రం కింద ఇటుకలాగా బిగుసుకుపోయింది. కుడిచెయ్యి తీసి కుడి బ్రేకు వేశాను, తర్వాత ఎడమది. ఆవిడ కుదురు తీసుకుని దులిపి, మళ్ళీ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదు నేను.

కారణం తర్వాత తెలిసింది, మా వీధి సైకిలు మెకానిక్కు నేల మీద సుద్దతో గీసి చూపించాడు. కుర్చీలో కూర్చున్నవాడి బరువు చాలావరకు వెనక పెద్ద చక్రాల మీదే ఉంటుంది. ఎత్తు ఎక్కేకొద్దీ అది ఇంకా వెనక్కి పోతుంది. లాగాల్సిన చక్రమేమో ముందుంది, దాని మీద బరువుంటే కదా రోడ్డుని పట్టేది! పైగా నా బియ్యం సంచీ ఒకటి వెనక. కంపెనీకి ఫోను చేస్తే "తడిలో ఎత్తులు అవాయిడ్ చెయ్యండి సార్" అన్నారు. వాళ్ళ కాగితంలో మాత్రం ఎత్తులు ఎక్కుతుందనే ఉంది, తడి మాటే లేదు. ఇప్పుడు ముందు బుట్టలో నాలుగు కిలోల ఇసక మూట పడేసి ఉంచుతాను, ఎత్తు వస్తే హ్యాండిలు మీదకి వంగుతాను. నాకు పొట్ట కండరాలు పనిచేస్తాయి కాబట్టి వంగగలను. దెబ్బ ఛాతీ పైనో మెడ దగ్గరో తగిలినవాళ్ళకి ఈ ఉపాయం కుదరదు, వాళ్ళు నా మాట విని కొనొద్దు.

క్లిప్పు టక్కుమంటుందన్నాను కదా, అది మొదటి ఏడాది మాట. ఇది సముద్రం ఊరు, ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపట్టాయి, బిగింపు వదులైంది. నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ సర్దితే గానీ కూర్చునేది కాదు, నేల ఏమాత్రం వాలుగా ఉన్నా అసలు కూర్చునేదే కాదు. కొత్త క్లిప్పు రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది, ఆ ఇరవై మూడు రోజులూ మళ్ళీ గేటు దగ్గర కేకలే.

కాళ్ళ సంగతి కూడా చెప్పాలి. గతుకు తగిలితే నాకు స్పాజమ్ వస్తుంది, అంటే కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి, కాలు ఫుట్‌రెస్టు మీంచి ఎగిరి కింద పడుతుంది, నాకేమో తెలియదు. ఒకసారి భానుగుడి సెంటర్ దాకా అలాగే ఈడ్చుకెళ్ళాను. ఆగి చూస్తే చెప్పు లేదు, బొటనవేలి గోరూ లేదు. నొప్పీ లేదు. ఆ రోజు నుంచి పిక్కల చుట్టూ వెల్‌క్రో పట్టీ. హుషారు కొద్దీ గంటలు గంటలు తిరిగి, అరగంటకోసారి చేతులతో లేచి పిరుదులకి గాలి తగలనివ్వడం మర్చిపోయి పుండు తెచ్చుకుని, ఆరువారాలు బోర్లా పడుకున్నాను. ఆ తప్పు బండిది కాదు.

లోపలికి వెళ్ళొచ్చన్న మాట కూడా మెట్లు లేనిచోటే చెల్లుతుంది. ర్యాంపు అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి. నా ఖాతా ఉన్న బ్యాంకులో రెండడుగుల ఎత్తుకి ఐదడుగుల ర్యాంపు కట్టారు, దాని మీద మోటారు సైకిళ్ళు. అక్కడ ఇప్పటికీ మేనేజరుగారే బయటికొస్తారు.

కొనాలా వద్దా అని అడిగితే నాకు సూటిగా చెప్పడం రాదు. మాది కింది వాటా, గుమ్మానికి మెట్టు లేదు, ఊరు చదును, నా బరువు అరవైరెండు కిలోలు, భుజాలు గట్టివి, ఇంట్లో జీతం మా ఆవిడది. వీటిలో రెండు మారినా నా లెక్క మారిపోతుంది. మొన్న తునివైపు నుంచి ఒకాయన నా పాత స్కూటరు కోసం వచ్చాడు, మంచి ధరే చెప్పాడు. కవరు తీసి చూపించాను, స్టార్టు చేసి వినిపించాను కూడా. వానలు వెళ్ళాక మాట్లాడుకుందామండీ అని పంపించేశాను.