మనసు బరువెక్కినప్పుడు బిర్లా సైన్స్ సెంటర్

హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్ అంటే చాలామందికి పిల్లల సెలవులే గుర్తొస్తాయి. 1985లో ఎన్టీఆర్ ప్రారంభించిన ప్లానెటేరియం, దాని పక్కన మ్యూజియం, డైనోసార్ గది. అప్పో, ఉద్యోగమో, ఇంట్లో జబ్బో నిద్ర పట్టనివ్వని రోజుల్లో పెద్దవాళ్లకీ ఇది పనికొస్తుంది. కాకపోతే చూసే పద్ధతి ఒకటుంది.

ఆదివారాలు, పండగ సెలవులు వద్దు, రద్దీలో ఆలోచన నిలవదు. కౌంటర్లో ముందు తెలుగు షో ఎన్నింటికో కనుక్కోండి. మ్యూజియానికి టికెట్ వేరు. ప్లానెటేరియం లోపల దీపాలు ఆర్పాక ఫోన్ తెరవకండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది; ఒక్క మెసేజ్ చూస్తే మళ్లీ మొదటికొస్తుంది.

షో బాగుంటుంది. సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు, ఆ తర్వాత దగ్గరి నక్షత్రం నుంచైతే నాలుగేళ్లకు పైనే. ఆ లెక్కలు తలుచుకుంటూ తల పైకెత్తి కూర్చుంటే ఊపిరి నిదానిస్తుంది. అంతవరకే. ‘ఇంత విశ్వంలో మన బాధెంత’ అనుకుని బయటికొచ్చినా లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి ఈఎంఐ మళ్లీ గుర్తొస్తుంది. పైగా కుంగిపోయి ఉన్న మనిషికి ఆ మాట ‘నువ్వు లెక్కలోకే రావు’ అన్నట్టు వినిపించవచ్చు.

అసలు విలువ డైనోసార్ గదిలో ఉంది. అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికింది, జురాసిక్ కాలం నాటిది. జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వితే బయటపడ్డవి 840 ముక్కలు, కనీసం పన్నెండు జంతువులవి, కలగాపులగంగా. పుర్రె మాత్రం సరిగా దొరకనే లేదు. ఆ తలకాయ దగ్గర కాసేపు ఆగండి. అంత పెద్ద ఆకారంలో మన చూపు ముందు పడేది దాని మీదే, ఎక్కువగా ఊహతో నింపినదీ అదే.

భయం కూడా ఇలాగే తయారవుతుంది. అందుకే ఒక చీటీ, పెన్ను వెంట తీసుకెళ్లండి. నిలువుగా గీత గీసి ఎడమ పక్క ‘దొరికింది’, కుడి పక్క ‘ఊహించింది’ అని రాయండి. ఉద్యోగం పోయిందనుకుందాం. నెలకు కట్టాల్సింది ఎంత, ఖాతాలో ఉన్నది ఎన్ని నెలలకు సరిపోతుంది, ఆఖరి జీతం ఏ తేదీన పడుతుంది, ఇవి ఎడమ పక్కకి. ‘ఇల్లు పోతుంది, పిల్ల చదువు ఆగిపోతుంది, బంధువుల్లో తలెత్తుకోలేం’ అన్నవి కుడి పక్కకి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: గట్టిగా భయపెట్టేదాన్నల్లా ఎడమ పక్క రాసేస్తారు. కాగితం మీదో, బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనో, డాక్టరు రిపోర్టులోనో చూపించగలిగిందే ఎడమ పక్కకి రావాలి. తర్వాత కుడి పక్కవాటిలో ఒక్కటి తీసుకుని, అది నిజమో కాదో తెలియాలంటే రేపు ఎవరికి ఫోన్ చేయాలో దాని ఎదురుగా రాసుకోండి.

ఈ గదికి అరగంటైనా ఉంచుకోండి. షో ముందు, ఇది తర్వాత. అసెంబ్లీ మెట్రో స్టేషన్లో దిగితే దగ్గరే. చివర ఎక్కుడు ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లు ఆటోలో పైదాకా వెళ్లడం మేలు.

చీటీలో ‘బతకాలని లేదు’ అన్న మాట వస్తే మాత్రం గీతలు, లెక్కలు పక్కన పెట్టి వెంటనే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. ఉచితం, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.