కువైట్ గేములు, కడప బండ అరలు: ఏడేళ్ల వాడకం తర్వాత

2018 వేసవిలో మిద్దె మీది గదిని పాత వీడియో గేముల కోసం ఖాళీ చేసుకున్నాను. ఆడేదీ అక్కడే, ఆడింది రికార్డు చేసేదీ అక్కడే. ఏడేళ్ల తర్వాత నాకు బాగా తెలిసింది ఒకటుంది. డబ్బు పెట్టాల్సింది గేమ్ క్యాసెట్ల మీద కాదు, టీవీ మీద, టీవీ నుంచి కంప్యూటర్‌కు పోయే దారి మీద. నేను ముందు క్యాసెట్లకే ఖర్చుపెట్టి రెండేళ్ల రికార్డింగులు పాడు చేసుకున్నాను.

గేమ్ మిషన్లు దొరకడం మా కడపలో పెద్ద కష్టం కాలేదు. కువైట్‌కు పోయి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది. తొంభైల్లో వాళ్లు తెచ్చిన పెట్టెల్లో సెంటు సీసాలు, దుప్పట్లతో పాటు పిల్లలకని టీవీ గేమ్ కూడా ఉండేది. అవి ఇప్పటికీ అటకల మీద పడి ఉన్నాయి. నా మొదటి ప్లేస్టేషన్ మా మేనమామ తెచ్చింది, సెగా మెగా డ్రైవ్ ఎదురింటి వాళ్లది. అక్కడి కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్జ్. అందుకని ప్లగ్గు మారిస్తే చాలు, ఇక్కడ నేరుగా పనిచేస్తాయి. జపాన్‌లో 100 వోల్టులే. స్నేహితుడు అక్కడి నుంచి పంపిన ఫ్యామికామ్ అనే నింటెండో గేమ్ మిషన్‌ను వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టి అడాప్టర్ కాల్చుకున్నాను. మిషన్ మాత్రం బతికింది. 1983లో వచ్చిన ఈ ఫ్యామికామ్‌కు నకళ్లే మనం చిన్నప్పుడు ఆడిన చాలా టీవీ గేములు. అందుకే మన 60 పిన్నుల క్యాసెట్లు దీంట్లోనూ ఆడతాయి.

టీవీ 21 అంగుళాల పాత డబ్బా టీవీ. రిపేరు షాపులో 600 రూపాయలకు తీసుకున్నాను. ఈ గదిలో దీన్ని మించిన వస్తువు లేదు. బాతులను కాల్చే డక్ హంట్ ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి వెలుగుతుంది. తుపాకీలోని సెన్సార్ ఆ వెలుగునే చూస్తుంది. ఎల్‌సీడీ టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి ఆ తుపాకీ దానితో పనిచేయదు. ఆ ఆలస్యం వల్లే ఎల్‌సీడీలో పరుగెత్తుతూ కాల్చే కాంట్రా ఆట ఆడితే దూకాల్సిన చోట బటన్ నొక్కినా గుంతలో పడతాం. పిక్చర్ ట్యూబ్‌కు హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎల్‌వోటీ అంటారు. షాపాయన అమ్మేటప్పుడు చెప్పిన మాట గుర్తుంది. "ఎల్‌వోటీ పోతే ఎక్కడైనా వెతికి తెచ్చి వేస్తా. పిక్చర్ ట్యూబ్ పోతే నా చేతుల్లో లేదు నాయనా." ఆ మాట మీద ఇంకో టీవీ కూడా కొని దాచిపెట్టాను.

ఇక రికార్డింగ్. మొదట బొమ్మను కంప్యూటర్‌లోకి పంపే చవక యూఎస్‌బీ డాంగిల్ వాడాను. పాత మిషన్లు టీవీ ప్రసారంలాగా బొమ్మను సగం సగం గీతలుగా పంపవు. ప్రతిసారీ అవే గీతల మీద కొత్త ఫ్రేము మొత్తం గీస్తాయి. డాంగిల్‌కు ఆ సంగతి తెలియదు. రెండు ఫ్రేములను కలిపి ఒకటిగా కుట్టేస్తుంది. కాంట్రాలో చచ్చి మళ్లీ వచ్చిన మనిషి మిణుకుమిణుకుమంటాడు కదా, ఒక ఫ్రేములో ఉండి మరుసటి దాంట్లో ఉండడు. నా రికార్డింగుల్లో అతని ఒళ్లంతా దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు. పైగా వైరు చీల్చి ఒకటి టీవీకి, ఒకటి డాంగిల్‌కు ఇచ్చాను. సిగ్నల్ పంచుకుని రెండు చోట్లా బొమ్మ మసకబారింది. చాలా కాలానికి చూస్తే, టీవీ వెనకే బొమ్మను బయటికిచ్చే ఏవీ అవుట్ సాకెట్ ఉంది! అక్కడి నుంచి తీస్తే మసక పోయింది.

గీతల సమస్య తీర్చింది రెట్రోటింక్ 2ఎక్స్ అనే చిన్న పెట్టె. పాత సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు అర్థం చేసుకుని, గీతలను రెట్టింపు చేసి హెచ్‌డీఎంఐలో ఇస్తుంది. ఐదేళ్లుగా ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. పసుపు పిన్ను వైరులో సహజంగా ఉండే మెత్తదనాన్ని మాత్రం అది పోగొట్టలేదు. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెకనుకు ఫ్రేములు 50కి పెట్టడం మరవద్దు. నా కువైట్ మిషన్లన్నీ పాల్‌వే, అంటే సెకనుకు 50 ఫ్రేముల టీవీ పద్ధతివి. 60 ఫ్రేములకు చేసిన 1991 నాటి సోనిక్ ఆట ఈ మెగా డ్రైవ్‌లో ఆరోవంతు నెమ్మదిగా నడుస్తుంది, పాట కూడా సాగుతుంది. రికార్డింగ్ తప్పని నేను చాలా టెన్షన్ పడ్డాను. ఆ ఆటే అంత.

అరలు కడప బండవి. గోడలోకి దించి కట్టించాను. చెద పట్టదు, డబ్బా టీవీ బరువుకు వంగదు. కానీ నేలా బండే, అరలూ బండే అయ్యేసరికి మాట మోగుతుంది. జేజి కుట్టిన రెండు బొంతలు ఎదురెదురు గోడలకు వేలాడదీశాను, మోత చాలావరకు తగ్గింది. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి ఆపక తప్పదు.

క్యాసెట్ పెట్టినా బొమ్మ రాకపోతే చిన్నప్పటిలా నోటితో ఊదవద్దు. ఆ తేమకు పిన్నులు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవండి.

ఎండాకాలంలో ప్లేస్టేషన్‌తో జాగ్రత్త. మొదటి తరం మిషన్‌లో లెన్స్, పవర్ సప్లై పక్కపక్కనే ఉంటాయి. మా మిద్దె గది వేడి తోడయితే మధ్యలో వచ్చే వీడియోలు ఆగి ఆగి నడుస్తాయి. మే నెలలో తెల్లారి ఐదింటికి కూర్చుంటాను. అప్పుడు ఫ్యాను లేకపోయినా ఓర్చుకోవచ్చు, డిస్కు కూడా ఆగకుండా తిరుగుతుంది. తొమ్మిది దాటితే ప్లేస్టేషన్ స్విచ్ ముట్టను.