రైస్ బ్యాగ్సా, బ్యాగ్స్ ఆఫ్ రైసా?

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. అక్కడ లెక్కలు రాసేవాళ్లకి ఇంగ్లీషులో మెయిల్ పెట్టాల్సి వస్తే ఈ టెన్షన్ తప్పదు.

అర్థం: ‘టూ టీ కప్స్’ అంటే రెండు చాయ్ కప్పులు, ఖాళీవైనా సరే. ‘టూ కప్స్ ఆఫ్ టీ’ అంటే రెండు కప్పుల చాయ్. మన తెలుగులోనూ ఇదే తేడా ఉంది కదా! బియ్యానికీ అంతే. గోనె సంచుల ఆర్డరైతే మొదటిది, సరుకైతే రెండోది.

శ్రమ: ‘రైస్ బ్యాగ్స్’ రెండే మాటలు, రేటు పట్టికలో ఇముడుతుంది. రెండోదానికి ఒక మాట ఎక్కువ.

రిస్కు: మొదటిదాంట్లోనే. ఇంగ్లీషులో రైస్ లెక్కపెట్టలేని మాట, అలాంటివాటికి ‘మెనీ’ కాక ‘మచ్’ వాడాలి కాబట్టి ‘మచ్ రైస్ బ్యాగ్స్’ అనేస్తాం. తప్పు. ముందున్న మాట ఏదైనా, లెక్క చివరి మాటకే చెందుతుంది: ‘మెనీ రైస్ బ్యాగ్స్’. ‘టూ బసెస్ టికెట్’ కాదు, ‘టూ బస్ టికెట్స్’. అలాగే ‘ట్వంటీఫైవ్ కేజీస్ బ్యాగ్’ అనకూడదు, ‘కేజీ’ ఏకవచనమే. (నేనూ చాలా ఏళ్లు ‘టెన్ రుపీస్ నోట్’ అన్నవాడినే.) ‘ఆఫ్’ వాడితే ‘మెనీ బ్యాగ్స్’ అని లెక్క నేరుగా సంచి పక్కనే ఉంటుంది, తడబాటు ఉండదు.

బిల్లుకూ బోర్డుకూ ‘రైస్ బ్యాగ్స్’ చాలు. లోపలి సరుకు మీద డబ్బు ఆధారపడే ఆర్డరైతే ‘ఫిఫ్టీ బ్యాగ్స్ ఆఫ్ రైస్’ అనే రాయండి.