బరువు తగ్గాలనుకునే సైక్లిస్టుకి గుగ్గిళ్ళా, అన్నమా?

పొట్ట తగ్గాలని సైకిల్ ఎక్కినవారికి మొదట అందే సలహా, అన్నం మానేయమని. మానేసి ఉడికించిన సెనగలు, పెసలు, అలసందలు తినడం ఒక దారి. అన్నం కాస్త తగ్గించి కొనసాగించడం ఇంకో దారి.

ఆకలి ఆపడంలో గుగ్గిళ్ళదే పైచేయి. 100 గ్రాముల ఎండు పెసల్లో సుమారు 24 గ్రాముల ప్రొటీన్, 16 గ్రాముల పీచు ఉంటాయి. అంతే బియ్యంలో ప్రొటీన్ 7 గ్రాములే, తెల్లబియ్యమైతే పీచు నామమాత్రం. అలాగని పప్పుధాన్యాల్లో పిండిపదార్థం లేదనుకోకండి. పెసల్లో 60 గ్రాముల దాకా ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా అరుగుతుంది. పిండిపదార్థం బాగా తగ్గించే కీటో డైట్ చేసేవారు వీటిని దూరం పెట్టేది అందుకే.

రోడ్డెక్కాక లెక్క మారుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఎదురుగాలిలో గట్టిగా తొక్కేటప్పుడు కండరాలు ఎక్కువగా గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం) మీదే ఆధారపడతాయి. అది అడుగంటితే కాళ్ళు కదలవు, కళ్ళు తిరుగుతాయి. ఆ సమయానికి సెనగలు అక్కరకు రావు, పైగా కడుపుబ్బరం. అరటిపండో, రెండు ఇడ్లీలో వెంటనే పనిచేస్తాయి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కనున్న, సోలార్ పలకల కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద గంటసేపు తాపీగా తొక్కేవారికి నా సలహా గుగ్గిళ్ళే, పొద్దున పెసరట్టు. 200 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కి) వెళ్ళేవారు మాత్రం ముందురోజు రాత్రి అన్నం తినాల్సిందే. పదమూడున్నర గంటల గడువున్న ఆ రోజు బరువు గురించి టెన్షన్ వద్దు. షుగర్‌కి మందులు వాడేవారు ఏది మార్చినా ముందు డాక్టర్‌ని అడగాలి.

సెనగలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి ఉడికిస్తే ఉబ్బరం చాలావరకు తగ్గుతుంది.