చెరువుల ఊళ్లో తెర రికార్డింగ్: లినక్స్‌పై ఐదేళ్ల అనుభవం

భీమవరం దగ్గర మా ఇంటి వెనుక కిటికీ తెరిస్తే కనిపించేవి రొయ్యల చెరువులు. రాత్రి పిల్లలు పడుకున్నాక పదో తరగతి గణిత పాఠాలు రికార్డు చేద్దామని కూర్చునే వేళకు అక్కడ చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు, ఏరియేటర్ల మోత అందుకుంటుంది. విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే నా లాప్‌టాప్ పాతది, ర్యామ్ 8 జీబీ, బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది. ఈ పరిస్థితుల్లో ఐదేళ్లు వాడి చూశాక, సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని హంగులున్నాయన్నది నేను అడగడం మానేశాను.

మొదట్లో వాడిన ఒక చిన్న రికార్డర్ ఫైలును ఎంపీ4గా రాసేది. నలభై నిమిషాల త్రికోణమితి పాఠం ముగింపుకు వచ్చిన సమయంలో కరెంటు పోయింది. ఫైలు డిస్కులో ఉంది, పరిమాణమూ కనిపిస్తోంది, కానీ ఏ ప్లేయరూ దాన్ని తెరవలేదు. మామూలు ఎంపీ4లో ఏ దృశ్యం ఎక్కడుందో ప్లేయరుకు చెప్పే సూచిక రికార్డింగ్ ఆపినప్పుడే, అంటే చిట్టచివర రాయబడుతుంది కనుక, మధ్యలో ఆగిన ఫైలు పనికిరాదు. ఎంకేవీ అనే మరో రకం వీడియో ఫైలులో ఆగినంతవరకు మిగులుతుంది. ఆ మర్నాడే ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారి, రికార్డింగ్‌ను ఎంకేవీకి పెట్టుకున్నాను. ఎంపీ4 కావాలంటే అందులోని రీమక్స్ (ఫైలు రకాన్ని మాత్రమే మార్చే సదుపాయం) నాణ్యత తగ్గకుండా క్షణాల్లో మార్చి ఇస్తుంది. లినక్స్‌లో తెరను చూపే కొత్త వ్యవస్థ వేలాండ్; దాని సెషన్‌లో, అంతకుముందున్న ఎక్స్11 వ్యవస్థ కోసం రాసిన పాత రికార్డర్లకు తెర సరిగా దొరకదు. ఓబీఎస్ మాత్రం 2021లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి పైప్‌వైర్ అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ ద్వారా తెరను పట్టుకుంటోంది. మైకుకు చుట్టుపక్కల చప్పుడు తగ్గించే ఆర్‌ఎన్‌నాయిస్ ఫిల్టర్ తగిలించాక ఏరియేటర్ల మోత దాదాపు వినపడదు. వానాకాలం కప్పలను మాత్రం అది కూడా ఆపలేదు.

ఎడిటింగ్‌కు కేడెన్‌లైవ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దగ్గర స్థిరపడ్డాను. డావిన్చీ రిజాల్వ్ అనే మరో ఎడిటర్ శక్తిమంతమైనదే, కానీ లినక్స్‌లో దాని ఉచిత వెర్షన్ ఫోన్లలో మామూలుగా వాడే హెచ్.264 రకం వీడియోను తీసుకోదు. ఫోనులో తీసిన ప్రతి ముక్కనూ ముందుగా మార్చుకునే ఓపిక నాకు లేదు. కేడెన్‌లైవ్‌లో నా పాత యంత్రాన్ని నిలబెట్టింది ప్రాక్సీ క్లిప్పులు: కత్తిరింపులన్నీ చిన్న నకళ్ల మీద జరుగుతాయి, చివరి రెండర్‌కు, అంటే పూర్తి వీడియోను తయారుచేసే దశకు, అసలు వీడియోనే వాడుతుంది. ఫోను వీడియోలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు కనుక మాట ఒకచోట, పెదవి ఒకచోట పడే ప్రమాదం ఉంది. క్లిప్పును చేర్చేటప్పుడు మార్చమంటారా అని అడిగితే, ఆలస్యమైనా సరేననడం మేలు. నోటో సాన్స్ తెలుగు ఫాంటుతో టైటిల్‌లో ‘సమద్విబాహు త్రిభుజం’ అని రాస్తే వత్తులు విడిపోకుండా వస్తాయి, తెలుగులో పాఠం చెప్పే మాస్టారికి ఇది చిన్న విషయం కాదు. రెండర్ మాత్రం నిదానం. రాత్రి పెట్టి పడుకుంటాను.

ప్రాజెక్టు ఫైలులో ఉండేవి క్లిప్పుల చిరునామాలే కాబట్టి, బడిలోని కంప్యూటరుకు తీసుకెళ్లాలంటే ఆ ఒక్క ఫైలునే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చాలదు. ప్రాజెక్టును ఆర్కైవ్ చేసే ఆదేశం ఇస్తే క్లిప్పులన్నీ కలిసి ఒకేచోటికి వస్తాయి.