రంజాన్ నెలలో ప్రయాణం: దుబాయ్, ఇస్తాంబుల్, మరాకేష్, కైరోల్లో ఏది మేలు?

రంజాన్‌లో వెళ్తున్నామనగానే అందరికీ వచ్చే మొదటి అనుమానం పగలు తిండి దొరుకుతుందా అని. ఈ నాలుగు ఊళ్ళలోనూ దొరుకుతుంది. హోటల్ గదిలో తింటే ఎక్కడా ఎవరూ ఏమీ అనుకోరు. అందుకే ఆ లెక్కన నేను ఊళ్ళని తూచను. పగలు మనం ఎంత సర్దుకోవాలి, పొద్దుగూకాక ఆ ఊరు మనల్ని ఎంత దగ్గరికి రానిస్తుంది అన్నవే నేను చూసుకుంటాను.

సర్దుకునే పని అన్నిటికన్నా తక్కువ ఇస్తాంబుల్‌లో. టర్కీ చట్టం ఉపవాసం జోలికి పోదు. రెస్టారెంట్లు చాలావరకు తెరిచే ఉంటాయి, పక్క బల్ల మీద టీ తాగేవాళ్ళూ కనిపిస్తారు. అలాగని ఫాతిహ్ లాంటి సంప్రదాయ పేటల్లో శాండ్‌విచ్ కొరుక్కుంటూ నడిస్తే బాగుండదు. సాయంత్రమయ్యేసరికి బేకరీల ముందు రంజాన్ పిదే అనే రొట్టె కోసం వరసలు కడతారు. పెద్ద మసీదుల మినార్ల మధ్య దీపాలతో అక్షరాలు వేలాడదీస్తారు, వాటిని మహ్యా అంటారు. ఒట్టోమన్ల కాలం నాటి అలవాటది. నమాజు వేళలు తప్పిస్తే బ్లూ మాస్క్ లోపలికి ఎవరైనా వెళ్ళవచ్చు. మొదటిసారి, అదీ పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే సులువైన ఊరు లేదు. చిక్కల్లా వాతావరణంతోనే. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో మార్చి మొదట్లో వచ్చింది, 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి మొదలవుతుంది. అంటే కొన్నేళ్ళ పాటు ఇస్తాంబుల్ రంజాన్ చలిలో, వానలోనే. సుల్తానహ్మెత్ మైదానంలో పచ్చికమీద కూర్చుని ఇఫ్తార్ చేసే సరదా అప్పుడు అంతంతమాత్రమే.

దుబాయ్ గురించి విన్న భయాల్లో సగం పాతవి. పగలు తెరిచే రెస్టారెంట్లు తెర కట్టాలన్న నియమాన్ని 2021లో ఎత్తేశారు. లోపల కూర్చుని తినవచ్చు. రోడ్డు మీదా పార్కులోనూ మాత్రం ఎవరికంటా పడకుండా నీళ్ళు తాగడం మర్యాద. మెట్రోలో అయితే ఏడాది పొడుగునా తినకూడదు, దానికీ రంజాన్‌కీ సంబంధం లేదు. కానీ దుబాయ్‌ని చూసి గల్ఫ్ అంతా ఇంతే అనుకోకండి. కువైట్‌లో 1968 నాటి చట్టం ఇంకా ఉంది: రంజాన్ పగటిపూట నలుగురిలో తింటే 100 దీనార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు.

దుబాయ్‌తో నా పేచీ సాయంత్రాల గురించి. పెద్ద హోటళ్ళ ఇఫ్తార్ బఫేల్లో ఏ లోటూ ఉండదు, కాకపోతే పక్కన కూర్చునేదీ మనలాంటి పర్యాటకులే. అల్ ఫహీదీ పాతపేటలోని షేక్ మొహమ్మద్ సాంస్కృతిక కేంద్రం ఏర్పాటుచేసే ఇఫ్తార్‌కి ముందే చోటు రిజర్వ్ చేసుకోండి. అక్కడ స్థానికులైన ఎమిరాతీలతో కలిసి కింద కూర్చుని తింటూ, అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు కూడా అడగవచ్చు.

మరాకేష్ ఓపిక ఉన్నవాళ్ళకి. మొరాకో శిక్షాస్మృతిలోని 222వ అధికరణం బహిరంగంగా ఉపవాసం భంగపరిచే ముస్లింలకి వర్తిస్తుంది, పర్యాటకులకి కాదు. పర్యాటకులు తిరిగే చోట్ల కెఫేలు తెరుస్తారు. మిగతా పేటల్లో పగలు చాలావరకు తలుపులు మూసే ఉంటాయి. ఇంకో చిక్కు గడియారంతో. రంజాన్ కోసం దేశమంతా టైమ్ ఒక గంట వెనక్కి జరుపుతారు, పండగయ్యాక మళ్ళీ ముందుకు తెస్తారు. ఆ మారే రోజుల్లో రైలో విమానమో ఉంటే రెండుసార్లు సరిచూసుకోవాలి. ముస్లింలు కానివాళ్ళని అక్కడి మసీదుల్లో చాలావాటిలోకి రానివ్వరు కాబట్టి రంజాన్ రాత్రుళ్ళు చేసే తరావీహ్ నమాజు బయటినుంచి వినడమే. అయినా పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ పడగానే జెమా అల్ ఫ్నా మైదానం చప్పబడిపోయి, హరీరా సూప్ గిన్నెలు ఖాళీ అయ్యాక మళ్ళీ హోరెత్తడం చూసి తీరాలి.

నేనైతే కైరోకే ఓటేస్తాను. పగలు అన్నిటికన్నా విసిగించేదీ అదే. పిరమిడ్ల దగ్గరా మ్యూజియాల్లోనూ వేళలు తగ్గిస్తారు, పొద్దున్నే బయల్దేరకపోతే రోజు వృథా. మద్యం చాలాచోట్ల దొరకదు. ఇఫ్తార్‌కి ముందు గంటలో ట్రాఫిక్ గురించి చెప్పనే అక్కర్లేదు, ఇల్లు చేరాలన్న తొందరలో డ్రైవర్లకి ఎర్రలైటు ఆనదు. కానీ ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడే అజాన్ పడితే, కుర్రాళ్ళు కార్ల మధ్య పరిగెడుతూ కిటికీల్లోంచి ఖర్జూరాలూ జ్యూసూ అందిస్తారు. మీరు ఉపవాసం ఉన్నారా లేదా అని ఎవరూ అడగరు. వీధుల్లో మాయిదత్ అర్రహ్మాన్ పేరుతో బల్లలు వేసి దారినపోయేవాళ్ళకి అన్నం పెడతారు. రమ్మని పిలిస్తే కూర్చోండి, పిలవకపోతే పేదవాళ్ళ చోటు ఆక్రమించకండి, తినేవాళ్ళని ఫోటోలు అసలే తీయకండి. తొమ్మిది దాటాక ఖాన్ అల్ ఖలీలీ బజారు, అల్ ముయిజ్ వీధి ఫానూస్ లాంతర్ల దీపాలతో, కతాయెఫ్ మిఠాయి వాసనతో నిద్రలేస్తాయి. ఎవరైనా "రమదాన్ కరీమ్" అంటే జవాబు "అల్లాహు అక్రమ్".

మనమూ ఒకరోజు ఉపవాసం ఉండాలా? ఎవరూ ఆశించరు. ప్రయాణంలో ఉన్న ముస్లింలకి కూడా దాన్నుంచి వెసులుబాటు ఉంది. ఉంటే సంతోషిస్తారు, అంతే. పట్టించుకోవాల్సింది బట్టలు: భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉంటే నాలుగు ఊళ్ళలోనూ ఇబ్బంది ఉండదు.

తిరుగు టికెట్ విషయం. పండగ ఏ రోజన్నది చాలా దేశాల్లో నెలవంక కనబడ్డాకే తేలుతుంది, కాబట్టి ఆ రోజుకి అటూఇటూగా రెండు రోజులు వదిలిపెట్టి బుక్ చేసుకోండి. ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్ బైరం (అక్కడ పండగని అలా అంటారు) సెలవుల్లో మూసేస్తారు, కొనాల్సినవి ఉంటే పండగకి ముందే కొనేయండి.